పాత కారుకు అసలు రంగు ఏది?

ఏళ్ళ తరబడి షెడ్డులో పడి ఉన్న ఒక పాత కారును మీరు బయటికి తీశారనుకోండి. తలుపులు లేత ఆకుపచ్చగా ఉన్నాయి. డిక్కీ మూత లోపలివైపు నీలంగా ఉంది. మడ్‌గార్డు మీద పెచ్చు ఊడిన చోట ఎర్రని రెడాక్సైడ్, దాని కింద ఇనుము కనిపిస్తున్నాయి. ఇంజను మీది జిడ్డు తుడిస్తే మరో రంగు బయటపడింది. "ఇది మొదటినుంచీ ఆకుపచ్చే" అంటారు ఇంట్లో పెద్దవాళ్ళు. "కాదు, కంపెనీ నుంచి వచ్చినప్పుడు నీలం" అంటాడు పాత డ్రైవరు. టింకరింగ్ షాపు మేస్త్రీ షేడ్ కార్డు తెచ్చి, "ఏది కావాలో చూపించండి, రెండు రోజుల్లో వేసేస్తా" అంటాడు.

ఎవరి మాట నమ్మాలి? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కాని, దీనికి జవాబు వెతకాలంటే భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, చరిత్ర మూడూ కావాలి. హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళినవాళ్ళు అక్కడ పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూసే ఉంటారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో తయారీకి ఇచ్చిన కారు అది. ఆయన 1911లో మరణించాక కొడుకు మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కింది. అలాంటి కారును చూస్తున్నప్పుడు మనం ఆ రంగును కూడా చరిత్రలో భాగంగానే నమ్ముతాం. వందేళ్ళ కిందట జనం చూసిన పసుపు ఇదే అనుకుంటాం. అందుకే పాత వాహనాలను పునరుద్ధరించేవాళ్ళ మీద ఒక బాధ్యత ఉంది. వాళ్ళు తప్పు రంగు వేస్తే, ఆ తప్పే రేపు చరిత్రగా చెలామణి అవుతుంది.

పేరు చెబితే సరిపోదు

"ఈ కారు రంగు ఫలానా" అని కేటలాగులో పేరు దొరికితే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. నిజానికి పని అక్కడే మొదలవుతుంది. "బ్రిటిష్ రేసింగ్ గ్రీన్" అనే ప్రసిద్ధమైన పేరునే తీసుకోండి. 1903లో గోర్డన్ బెనెట్ కప్ పోటీ ఐర్లండులో జరిగింది. ఆ దేశం మీద గౌరవంతో బ్రిటన్ కార్లు ఆకుపచ్చ రంగుతో పాల్గొన్నాయి. అప్పటినుంచి ఆకుపచ్చ బ్రిటిష్ పందెపు కార్ల గుర్తయింది. కాని అది ఏ ఆకుపచ్చ? లేత ఆలివ్ ఛాయ నుంచి, నీడలో నల్లగా కనిపించేంత ముదురు ఛాయ దాకా అన్నిటికీ ఆ ఒక్క పేరే వాడారు. పేరు ఒకటి, రంగులు అనేకం.

ఈ గందరగోళం తగ్గించడానికే రంగులకు అంకెలు ఇచ్చే పద్ధతులు వచ్చాయి. అమెరికా చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో తన వర్ణ పద్ధతిని ప్రకటించాడు. జర్మనీలో 1927లో 40 రంగులతో రాల్ పట్టిక మొదలైంది. మన దేశంలో రంగుల తయారీకి భారతీయ ప్రమాణం ఐఎస్ 5 ఉంది. అందులో 101 అంటే స్కై బ్లూ, 537 అంటే సిగ్నల్ రెడ్. అయితే కార్ల కంపెనీలు చాలావరకు ఈ పట్టికలతో సంబంధం లేకుండా తమ సొంత రంగులు, సొంత కోడ్‌లు పెట్టుకున్నాయి. అనేక కార్లలో బానెట్ కిందో, తలుపు చట్రం మీదో బిగించిన చిన్న రేకు మీద ఆ కోడ్ ఉంటుంది.

కోడ్ దొరికితే అదృష్టమే. అయినా రెండు సంగతులు మరచిపోకూడదు. ఒకటి, ఆ కోడ్ సాధారణంగా బాడీ రంగును మాత్రమే చెబుతుంది, ఇంజనుదో చక్రాలదో చెప్పదు. రెండు, ఒకప్పుడు ఆ కోడ్‌కు వాడిన ముడిపదార్థాలు ఇప్పుడు దొరక్కపోవచ్చు. అప్పుడు అదే కోడ్ పేరుతో దుకాణంలో కలిపి ఇచ్చేది పాత రంగుకు దగ్గరి పోలికే తప్ప పాత రంగు కాదు.

పూతలో ఏముంటుంది?

కారుకు వేసే రంగులో ముఖ్యంగా మూడు భాగాలుంటాయి. మొదటిది వర్ణకం. కాంతిలో కొన్ని తరంగదైర్ఘ్యాలను పీల్చుకుని మిగతావాటిని వెనక్కి పంపే సన్నని పొడి ఇది. రెండోది బంధకం. వర్ణకాన్ని పట్టి ఉంచి, లోహానికి అంటించి, ఆరాక గట్టి పొరగా మారేది ఇదే. మూడోది ద్రావణి. మన షాపుల్లో థిన్నర్ అనేది ఇదే. పూత పలచగా పరుచుకోవడానికి తోడ్పడి తరవాత ఆవిరై పోతుంది.

రంగు అనగానే మన దృష్టి వర్ణకం మీదికే పోతుంది. కాని కంటికి కనిపించే రంగులో బంధకం పాత్ర కూడా తక్కువేమీ కాదు. తడిసిన నేల పొడినేలకన్నా ముదురుగా కనిపించడం మీకు తెలిసిందే. మట్టి మారలేదు, ఉపరితలం మారింది. గాలిలోంచి వచ్చి పూత మీద నిటారుగా పడిన కాంతిలో సుమారు 4 శాతం లోపలికి పోకుండానే పై తలం నుంచి పరావర్తనం చెందుతుంది. పూత అద్దంలా నున్నగా ఉంటే ఆ 4 శాతం ఒకే దిక్కుకు పోతుంది. మిగతా దిక్కుల నుంచి చూస్తే అసలు రంగు చిక్కగా కనిపిస్తుంది. తలం గరుకుగా ఉంటే ఆ తెల్లని కాంతి అన్ని వైపులకూ చెదిరి రంగులో కలుస్తుంది. దాంతో రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. కాబట్టి వర్ణకం సరిగ్గా కుదిరినా, మెరుపు కుదరకపోతే రంగు కుదరనట్టే.

ఒకటి కాదు, ఎన్నో నలుపులు

దీనికి చక్కని ఉదాహరణ ఫోర్డ్ మోడల్ టి. 1908లో మొదలై 1927 దాకా కోటీ 50 లక్షలకు పైగా తయారైన ఈ కారు అనగానే అందరికీ నలుపే గుర్తుకొస్తుంది. నిజానికి తొలి ఏళ్ళలో అది ఎరుపు, బూడిద, ముదురు ఆకుపచ్చ, ముదురు నీలం రంగుల్లోనూ వచ్చింది. 1914 నుంచి 1925 వరకే నలుపు ఒక్కటే దొరికేది. 1911 నాటి మోడల్ టికి ఎవరైనా నల్లరంగు వేస్తే, పాత కార్లన్నీ నల్లనివే అన్న నమ్మకాన్ని ఆ కారు మీద రుద్దినట్టే.

ఇక ఆ నలుపైనా ఒకటేనా? కాదు. ఒకే కారులోని వేర్వేరు భాగాలకు 30కి పైగా రకాల నల్లరంగులు వాడినట్టు మోడల్ టి చరిత్రకారులు గుర్తించారు. మడ్‌గార్డుల వంటి చిన్న భాగాలను రంగు తొట్టిలో ముంచి ఓవెన్‌లో కాల్చేవారు. పెద్ద బాడీల మీద రంగును ధారగా పోసేవారు. కొన్నిటికి బ్రష్‌తో పూసేవారు. పద్ధతి మారితే రంగు చిక్కదనం, ఆరే తీరు మారాలి, అంటే తయారీ సూత్రమూ మారాలి. ఓవెన్‌లో కాల్చిన ఆ నలుపులో ముఖ్యమైనది గిల్సొనైట్. అమెరికాలోని యూటాలో గనుల నుంచి తవ్వితీసే ఒక సహజమైన తారు అది. అవిసె నూనెతో కలిపి కాల్చితే గట్టి, మన్నికైన పొర వస్తుంది. తారు పొర మందంగా ఉంటే నల్లగా, బాగా పలచనైతే గోధుమ ఛాయలో కనిపిస్తుంది. ఈనాటి కార్బన్ బ్లాక్ రంగులో ఆ గోధుమ ఛాయ ఉండదు.

1926 మోడళ్ళతో మోడల్ టికి మళ్ళీ రంగులు వచ్చాయి. చానెల్ గ్రీన్, విండ్సర్ మరూన్ వాటిలో కొన్ని. అయితే ఆ కార్ల బాడీ ఆకుపచ్చగానో మరూన్‌గానో ఉన్నా, మడ్‌గార్డులు మాత్రం ఇంకా ఓవెన్ నలుపులోనే వచ్చేవి. ఒకే కారు మీద రెండు రంగులే కాదు, రెండు రసాయనాలు! అందంగా ఉంటుందని మడ్‌గార్డులకు కూడా ఆకుపచ్చ వేస్తే, కార్ల ఫ్యాక్టరీ ఎలా పనిచేసేదో చెప్పే సాక్ష్యాన్ని చెరిపేసినట్టే.

బాడీ మీది ఆ కొత్త పూత వెనక మరో కథ ఉంది. పత్తిని నైట్రిక్ ఆమ్లంతో చర్య జరిపిస్తే నైట్రోసెల్యులోజ్ వస్తుంది. తుపాకి మందుగా వాడే గన్ కాటన్‌కు ఇది దగ్గరి చుట్టం. దీన్ని బంధకంగా వాడి డ్యూపాంట్ కంపెనీ 1920లలో తయారు చేసిన కార్ల రంగు పేరు డ్యూకో. జనరల్ మోటార్స్ 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు దీన్ని నీలంరంగులో వేసింది. అంతకుముందు బ్రష్‌తో పొర మీద పొర వార్నిష్ వేసి, ప్రతి పొరా ఆరేదాకా ఆగితే ఒక కారుకు వారాలు పట్టేది. డ్యూకో ఆ పనిని గంటల్లోకి తెచ్చింది. మన ఊళ్ళలో ఇప్పటికీ బల్లలకూ తలుపులకూ స్ప్రే గన్‌తో వేసే రంగును "డ్యూకో పెయింటింగ్" అంటారు. ఆ బోర్డుల మీది మాటకు మూలం ఇదే.

డ్యూకో తరవాత సింథటిక్ ఎనామిల్, యాక్రిలిక్ లాకర్, రెండు సీసాలు కలిపి వాడే పాలీయురెథేన్ రంగులు వరసగా వచ్చాయి. 1980లకు రంగుపొర మీద పారదర్శకమైన క్లియర్ కోట్ వేయడం ప్రపంచమంతటా వ్యాపించింది. ఆ మెరుపు నీళ్ళు పోసినట్టు లోతుగా ఉంటుంది. 1920ల నాటి డ్యూకో మెరుపు అలా ఉండేది కాదు. రుద్ది రుద్ది తెప్పించిన మెత్తని నిగనిగ అది. అందుకే పాత కారు మీద క్లియర్ కోట్ వేస్తే, షేడ్ ఎంత బాగా కుదిరినా, తెలిసినవాళ్ళ కంటికి ఏదో తేడాగానే ఉంటుంది.

కాలం వేసే రంగు

పాత పూతను చూసి అదే అసలు రంగు అనుకోవడం మరో పొరపాటు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు బంధకంలోని రసాయన బంధాలను తెంచుతాయి. పై పొర పొడిపొడిగా రాలుతుంది. వేలితో రుద్దితే సున్నంలా అంటుకుంటుంది. ఎండలో నిలిచిన పాత కార్ల బానెట్ల మీద మీరు దీన్ని గమనించే ఉంటారు. ఆ పొడి కాంతిని చెదరగొట్టడం వల్ల రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. కొన్ని వర్ణకాలు తామే ఎండకు మారిపోతాయి. పసుపు, నారింజ రంగుల్లో విరివిగా వాడిన లెడ్ క్రోమేట్ కాలం గడిచేకొద్దీ నల్లబడుతుంది.

మరో మార్పు ఇంకా మోసకారిది. నైట్రోసెల్యులోజ్ వయసుతో పాటు పసుపెక్కుతుంది. పసుపెక్కిన పొర నీలికాంతిని పీల్చుకుంటుంది. దాని కింద నీలం వర్ణకం ఉంటే చూసేవాళ్ళకు ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. మొదట్లో చెప్పిన కారులో పెద్దవాళ్ళు "ఆకుపచ్చ" అన్నది, డ్రైవరు "నీలం" అన్నది ఒకే పూత గురించి కావచ్చు! తెలుపు కార్లలో ఈ మార్పు మరింత స్పష్టం. పాత పూత మీద ఇప్పుడు కనిపించే మీగడ రంగు, కొత్తలో మల్లెపువ్వులాంటి తెలుపే అయి ఉండవచ్చు.

అయితే ఎండ తగలని చోట చూస్తే సరిపోతుందా? చాలామంది నిపుణులు మొదట చేసేది అదే. కాని ఇక్కడా ఒక చిక్కుంది. నూనెతో చేసిన రంగులు, ఆల్కైడ్ ఎనామిల్‌లు చీకట్లో ఉంటే ఇంకా ఎక్కువ పసుపెక్కుతాయి. వెలుతురు తగిలితే ఆ పసుపు కొంత విరిగిపోతుంది. అందుచేత డాష్‌బోర్డు వెనక దొరికిన రంగును చూసి వెంటనే నిర్ణయానికి రాకుండా, ఆ భాగాన్ని కొన్నాళ్ళు వెలుతురులో ఉంచి మళ్ళీ చూడాలి. ఎండ తిన్న రంగూ, చీకటి తిన్న రంగూ రెండూ అసలు రంగు కావు. ఆ రెండింటి నుంచి అసలు రంగును ఊహించాలి.

సాక్ష్యం ఎక్కడ దాగి ఉంటుంది?

మళ్ళీ రంగు వేసేవాళ్ళు సాధారణంగా ఏ భాగాలను విప్పరో ఆ భాగాల కిందే పాత రంగు మిగిలి ఉంటుంది. తలుపు కీలు కింద, నంబరు ప్లేటు వెనక, తలుపుల రబ్బరు బీడింగ్ లోపల, డాష్‌బోర్డు వెనక, సీటు పట్టాల కింద, బోల్టు వాషర్ల అడుగున వెతకాలి. బోల్టు విప్పినప్పుడు వాషర్ కింద గుండ్రంగా మిగిలిన పైసంత రంగు, కారు మొత్తం మీది పూతకన్నా విలువైన సాక్ష్యం కావచ్చు.

తరవాతి పని పొరలు చదవడం. కనిపించని చోట ఒక చిన్న జాగాను తీసుకుని, సన్నని వాటర్ పేపర్‌తో నీళ్ళు పోస్తూ వేలి కొసంత మేర నెమ్మదిగా రుద్దాలి. మధ్యలో లోహం కనిపించేదాకా వెళ్ళాలి. అప్పుడు చుట్టూ వలయాలు బయటపడతాయి. కోసిన ఉల్లిగడ్డను చూసినట్టే ఉంటుంది. అన్నిటికన్నా బయటి వలయం ఆఖరున వేసిన రంగు. లోపలికి వచ్చేకొద్దీ పాతవి. లోహాన్ని ఆనుకుని ప్రైమర్, దాని మీద మొదటి రంగు ఉంటాయి. మధ్యలో లప్పం పొర కనిపిస్తే అక్కడ ఎప్పుడో దెబ్బ తగిలి మరమ్మతు జరిగిందని అర్థం. కాబట్టి ఒక్కచోట చూసి వదలకూడదు. కారులోని ప్రతి పెద్ద భాగానికీ విడిగా చూడాలి. ఏ తలుపో, మడ్‌గార్డో వేరే కారు నుంచి తెచ్చి బిగించినదైతే, దాని పొరల వరస మిగతావాటితో కలవదు.

చిన్న పెచ్చును సూక్ష్మదర్శిని కింద పెడితే ఈ వరస ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పరీక్ష అందులో సీసం, క్రోమియం, టైటానియం వంటి మూలకాలను పట్టిస్తుంది. పరారుణ వర్ణపటం బంధకం ఏదో చెబుతుంది. పాత చిత్రపటాలను పరిశీలించడానికి వాడే పద్ధతులే ఇవి. వర్ణకాలకు పుట్టినతేదీలు ఉండటం ఇక్కడ పనికొస్తుంది. థాలోసయనిన్ నీలం 1935లో మార్కెట్‌కు వచ్చింది. రూటైల్ రకం టైటానియం తెలుపు 1940లలో వచ్చింది. క్వినాక్రిడోన్ ఎరుపులు 1958లో వచ్చాయి. 1926 నాటి కారు మీద ఒక నీలం పొరలో థాలోసయనిన్ ఉందంటే, ఆ పొర తరవాత వేసినదే. అందులో సందేహం లేదు. కాని అది లేనంత మాత్రాన పొర అసలుదని రుజువు కాదు. ఈ తర్కాన్ని సైన్సు విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఇక పాత ఫొటోల సంగతి. 20వ శతాబ్దం మొదట్లో విరివిగా వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము ఎరుపు కాంతిని గ్రహించలేదు. అందువల్ల ఆ ఫొటోల్లో ఎర్రకారు నల్లగా, నీలికారు ఉండాల్సిన దానికన్నా లేతగా పడతాయి. నలుపు తెలుపు ఫొటోలో నల్లగా ఉందని కారు నలుపని తేల్చడం ప్రమాదం. రంగుల ఫొటోల్లోని రంగులూ ఏళ్ళు గడిస్తే వెలిసిపోతాయి. ఫొటోలు ఏ భాగం ముదురు, ఏది లేత, గీతలు ఎక్కడ ఉన్నాయి అనే విషయాలకు బాగా పనికొస్తాయి. అసలు షేడ్ చెప్పడానికి పనికిరావు. అంతకన్నా నమ్మదగినవి ఫ్యాక్టరీ రికార్డులు. ఉదాహరణకు, ఇంగ్లండులోని గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం మోరిస్, ఎంజి వంటి అనేక కార్లకు, రికార్డులు మిగిలిన మేరకు, ఫ్యాక్టరీ నుంచి వెళ్ళినప్పటి రంగును తెలిపే ధ్రువపత్రం ఇస్తుంది.

విడిభాగాల రంగు

బాడీ రంగు కోసం ఇంత కష్టపడినవాళ్ళు కూడా బానెట్ ఎత్తగానే తడబడతారు. అక్కడ ప్రతి భాగానికీ దాని లెక్క ఉంది. ఇంజను రంగు కంపెనీని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది. చెవర్లే 1955లో తెచ్చిన చిన్న వి8 ఇంజనుకు గుర్తు నారింజ రంగు. ఫోర్డ్ అమెరికాలో అంతకుముందు ఇంజను రకాన్ని బట్టి రకరకాల రంగులు వాడినా, 1966 నుంచి నీలానికి మారింది. 1965 నాటి ఫోర్డ్ కారులో నీలం ఇంజను కనిపిస్తే, ఆ ఇంజను తరవాత మార్చారా, లేక రంగు తరవాత వేశారా అని అడగాల్సి వస్తుంది.

కొన్ని భాగాలకు అసలు రంగే ఉండదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పోత ఇనుము. ఇంజను నడిస్తే అది ఎంతో వేడెక్కుతుంది. మామూలు ఎనామిల్ దాని మీద నిలవదు, మాడి రాలిపోతుంది. బోల్టులు, బ్రాకెట్లు వంటి చిన్నవాటికి కాడ్మియం లేదా జింకు పూత, లేదంటే ఫాస్ఫేట్ పూత ఉండేది. వాటి మీద వెండి రంగు స్ప్రే చేస్తే కొత్తగా మెరుస్తాయి గాని ఆ మెరుపు అబద్ధం. ఛాసిస్, సస్పెన్షన్ భాగాలకు చాలా కార్లలో వేసింది మెరిసీ మెరవని నలుపు. దాన్ని అద్దంలా మెరిపిస్తే ఫ్యాక్టరీలో ఎన్నడూ లేని అందం వస్తుంది. పునరుద్ధరణలో ఇదొక పేరుమోసిన జబ్బు. కారును ఉన్నదానికన్నా గొప్పగా చేయాలన్న ఉబలాటం దీనికి మూలం.

మీరు ఒక భాగాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఏ లోహం? ఫ్యాక్టరీలో దీన్ని ముంచారా, స్ప్రే చేశారా, పూత లేకుండా వదిలేశారా? కారుకు బిగించక ముందు రంగు వేశారా, బిగించాక వేశారా? మూడో ప్రశ్నకు జవాబు బోల్టు తలల మీదే ఉంటుంది. ఇంజను మీది బోల్టు తలలకు కూడా ఇంజను రంగే ఉంటే, అన్నీ బిగించాక రంగు వేశారని తెలుస్తుంది.

ఎండలో ఒకటి, ట్యూబులైటు కింద ఒకటి

అసలు రంగు దొరికింది. ఇప్పుడు దానికి సరిపడే కొత్త రంగు కలపాలి. చీరల దుకాణంలో జాకెట్టు గుడ్డ సరిపోయిందని కొని, ఎండలోకి వచ్చి చూస్తే సరిపోకపోవడం మన ఇళ్ళలో తెలిసిన సంగతే. రెండు వస్తువులు వేర్వేరు వర్ణకాలతో ఒకే రంగును చూపుతున్నప్పుడు ఇలా జరుగుతుంది. ఒక దీపం కింద రెండూ కళ్ళకు ఒకటే. దీపంలోని తరంగదైర్ఘ్యాల పాళ్ళు మారగానే తేడా బయటపడుతుంది. దీన్ని మెటామెరిజం అంటారు. లెడ్ క్రోమేట్ పసుపును ఈనాటి సేంద్రియ వర్ణకాలతో అనుకరిస్తే ఈ చిక్కు తప్పదు. కాబట్టి కలిపిన రంగును పగటి వెలుతురులో, ట్యూబులైటు కింద, పాతకాలపు బల్బు కింద మూడు చోట్లా పోల్చి చూడాలి.

కన్ను అలసిపోతుంది, పక్కనున్న రంగును బట్టి మోసపోతుంది. అందుకే రంగులను కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ వాడతారు. అంతర్జాతీయ కాంతి సంఘం 1976లో రూపొందించిన పద్ధతిలో ఏ రంగునైనా మూడు అంకెలతో చెప్పవచ్చు. ఎల్ అనే అంకె 0 అయితే నలుపు, 100 అయితే తెలుపు. ఎ అనేది ఎరుపు, ఆకుపచ్చల మధ్య స్థానం. బి అనేది పసుపు, నీలాల మధ్య స్థానం. ఉదాహరణకు ఒక పాత రంగు విలువలు 30, -20, 5 అనుకుందాం. కొత్తగా కలిపినది 31, -19, 7 అనుకుందాం. తేడాలు 1, 1, 2. వాటి వర్గాల మొత్తం 6. దాని వర్గమూలం సుమారు 2.4. ఇదే రెండు రంగుల మధ్య దూరం. ఈ దూరం 1 దగ్గర ఉంటే పక్కపక్కన పెట్టినా తేడా కనిపెట్టడం కష్టం. 2.4 ఉంటే జాగ్రత్తగా చూసేవాళ్ళు పట్టుకుంటారు. అయితే యంత్రం కొలిచేది ఇవాళ్టి రంగునే. పాతబడి పసుపెక్కిన పూతను కొలిస్తే, ఆ పసుపును కూడా కలిపి నిక్కచ్చిగా కొలిచి ఇస్తుంది. దానికి ముందు పాత రంగు ఎలా ఉండేదో నిర్ణయించాల్సింది మనిషే.

మెటాలిక్ రంగుల్లో మరో చిక్కు ఉంది. వాటిలోని అల్యూమినియం రేణువులు చిన్న అద్దాల్లా పనిచేస్తాయి. స్ప్రే గన్‌లో గాలి ఒత్తిడి, థిన్నర్ పాలు, పూత ఎంత తడిగా పడింది అన్నదాన్ని బట్టి ఆ రేణువులు వేరే తీరులో పడుకుంటాయి. ఒకే డబ్బాలోని రంగు రెండు తలుపుల మీద రెండు రకాలుగా కనిపించగలదు. అందుకే ముందుగా ఒక రేకు ముక్క మీద స్ప్రే చేసి, అనేక కోణాల నుంచి చూసి, ఆ తరవాతే కారు మీదికి వెళ్ళాలి.

మీరే చేసి చూడండి

ఒక నీలం కాగితం మీద లేత పసుపు సెల్లోఫేన్ ఒక పొర పరవండి. తరవాత రెండు పొరలు, మూడు పొరలు పరిచి చూడండి. నీలం మెల్లగా ఆకుపచ్చ వైపు జరుగుతుంది. బంధకం పసుపెక్కడమంటే ఇదే. ఇక రెండో ప్రయోగం. వేర్వేరు దుకాణాల్లో దొరికే బూడిదరంగు గుడ్డముక్కలు, కాగితాలు పది దాకా పోగుచేయండి. పగటి వెలుతురులో ఒకేలా ఉన్న జంటలను విడదీసి పెట్టుకోండి. రాత్రి ట్యూబులైటు కింద, తరవాత ఎల్‌ఈడీ బల్బు కింద మళ్ళీ చూడండి. ఏ జంట విడిపోయిందో రాసుకోండి.

గీకే ముందు

పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. లెడ్ క్రోమేట్ పసుపు, ప్రైమర్‌లో వాడిన సీస సింధూరం రెండూ విషమే. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, బట్టలకు అంటి ఇంటికి చేరుతుంది. చిన్నపిల్లల మెదడుకు సీసం చేసే హాని తీవ్రమైనది. కాబట్టి ఎప్పుడూ తడిపే రుద్దాలి. తగిన మాస్కు పెట్టుకోవాలి. పని అయ్యాక చేతులు కడుక్కోవాలి. ఆ పరిసరాల్లో పిల్లలను తిరగనివ్వకూడదు.

రెండో జాగ్రత్త సాక్ష్యం గురించి. రుద్దక ముందు ఫొటోలు తీయండి. ప్రతి భాగం నుంచి చిన్న పెచ్చును కవరులో వేసి, ఎక్కడి నుంచి తీశారో, ఏ తేదీన తీశారో రాసి ఉంచండి. రంగంతా మార్చినా సరే, కనిపించని చోట అరచేయంత జాగాలో పాత పొరలన్నీ అలాగే వదిలేయండి. మీ నిర్ణయం తప్పని రేపు ఎవరికైనా అనిపిస్తే, వాళ్ళు వెళ్ళి చూసుకోవడానికి ఆ జాగా ఉండాలి. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ సారాంశమూ ఇంచుమించు ఇదే. వాహనం చరిత్రను గౌరవించాలి, జోక్యం వీలైనంత తక్కువగా ఉండాలి, చేసిన పనిని రాసిపెట్టాలి. మన దేశంలోనూ 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్ళు దాటి అసలు రూపంలో నిలిచిన వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయవచ్చు. వాటి నంబరులో విఎ అనే అక్షరాలు ఉంటాయి.

మన అంబాసిడర్ కార్ల తయారీ 2014 మేలో ఆగిపోయింది. ముంబై రోడ్ల నుంచి చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో తప్పుకుంది. నిన్నటిదాకా వీధిలో మామూలుగా తిరిగిన ఈ కార్లు ఇప్పుడు షెడ్లలోకి చేరుతున్నాయి. రోల్స్ రాయిస్‌కు దక్కినంత శ్రద్ధ వీటికి దక్కదు. వీటి రంగులు ఎలా ఉండేవో చెప్పే సాక్ష్యం చాలావరకు ఆ కార్ల మీదే, రబ్బరు బీడింగ్ కిందా వాషర్ల అడుగునా ఉంది. ఒక మధ్యాహ్నం వాటర్ పేపర్‌తో రుద్దేస్తే అది పోతుంది, మళ్ళీ రాదు. మీ ఊళ్ళో ఎవరైనా పాత కారుకు రంగు మార్చబోతుంటే, షేడ్ కార్డు తెరవక ముందు ఒక బోల్టు విప్పి వాషర్ కింద చూడమని చెప్పండి.